పరీక్షించాను, బాగానే ఉంది

విమానం దిగిన పైలట్ తనకు గాలిలో ఎదురైన లోపాన్ని ఒక రిజిస్టర్‌లో రాస్తాడు. దాన్ని మేం స్నాగ్ అంటాం. పక్క గడిలో ఇంజన్ ఫిట్టర్ తను ఏం చేశాడో రాసి సంతకం పెడతాడు. వెతికినా ఏమీ దొరక్కపోతే ‘పరీక్షించాను, బాగానే ఉంది’ అని రాసే వీలు మాకుంది. అదే స్నాగ్ మూడోసారి వస్తే మాత్రం ఆ వీలు పోతుంది. కారణం దొరికేదాకా విమానం నేల మీదే ఉంటుంది. పైలట్ చెప్పింది నిజమే, మనకే దొరకలేదు అని ఆ పద్ధతికి అర్థం. వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టర్‌గా పద్దెనిమిదేళ్లు ఆ పద్ధతిలో పనిచేశాను. ఇంట్లో ఒక్కసారి కూడా పాటించలేదు.

అప్పుడు మా క్వార్టర్ ఢిల్లీ కంటోన్మెంట్‌లో. రెండు వేల ఏడో ఎనిమిదో. మా పాపకి ఐదేళ్లు. రెండు చెవులకీ మిషన్లు పెట్టుకున్నా కొంతే వినపడేది. మాటలు రాలేదు. కటవారియా సరాయ్ దాటాక ఒక చిన్న మేడలో ఇలాంటి పిల్లలకి మాటలు నేర్పే టీచరమ్మ ఒకావిడ ఉండేది. వారానికి మూడు రోజులు, రోజుకి గంట. మొదటి రోజే ఆవిడ మొహమాటం లేకుండా చెప్పేసింది. ఈ రెండు మూడేళ్లే ముఖ్యం, ఇప్పుడు వదిలేస్తే తర్వాత పది రెట్లు కష్టపడినా ఇంత రాదు, మానేయొద్దు అంది. మేమిద్దరం తల ఊపి బయటికొచ్చాం. మా ఆవిడ మెట్ల మీదే కూర్చుండిపోయింది.

నాకు షిఫ్టు డ్యూటీ. ఆటోవాళ్లు గేటు దగ్గర తనిఖీ అంటే లోపలికి రామని తెగేసి చెప్పేవారు. అందుకని కారు కొన్నాం. మా కాలనీలోనే మూడు కుటుంబాల చేతులు మారిన చిన్న కారు, ఎనిమిదేళ్ల పాతది. కార్బొరేటర్ పోయి కంప్యూటర్‌తో పెట్రోలు చిమ్మే ఇంజన్లు అప్పుడప్పుడే వచ్చిన కాలంలో తయారైంది. బదిలీ మీద వెళ్లిపోయే ప్రతి కుటుంబమూ దాన్ని తర్వాతి కుటుంబానికి అప్పగించి వెళ్లేది. కంటోన్మెంట్ రోడ్ల మీద గంటకి ముప్పై దాటకూడదని బోర్డులుంటాయి. ఆ కారు ఎనిమిదేళ్లూ దాదాపు ఆ ముప్పైలోనే బతికింది.

మా ఆవిడది విజయనగరం దగ్గర చిన్న ఊరు. పెళ్లికి ముందు సైకిలు తప్ప తొక్కింది లేదు. పాప కోసం నెల రోజుల్లో కారు నేర్చుకుంది. నేర్పింది నేనే. నాకు ముక్కు మీదే కోపం, గేరు తప్పితే అరిచేవాణ్ణి. అన్నీ పడింది. పొట్టి మనిషి, సీట్లో కూర్చుంటే రోడ్డు సరిగ్గా కనిపించదని పాత చీర కత్తిరించి, దూది కూరి ఒక దిండు కుట్టుకుంది. పాపతో ఒంటరిగా క్లాసుకి వెళ్లి తిరిగొచ్చిన మొదటి రోజు కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. ‘ఏటండీ, నిజంగా నేనే తెచ్చినానా!’ అని తనలో తనే నవ్వుకుంది. ఆమె అలా నవ్వడం పాప చెవుల సంగతి తెలిశాక అదే మొదటిసారి.

నేను ఊరుకోకుండా గొప్పకి పోయాను. కారుకి కూడా విమానం లాగే స్నాగ్ పుస్తకం పెట్టాను. నోటుబుక్కు మధ్యలో గీత గీసి, ఎడమవైపు నడిపినవాళ్లు రాయాలి, కుడివైపు నేను రాసి సంతకం పెడతాను అన్నాను. మిత్రులకి చూపించి మురిసిపోయాను.

కొన్ని నెలలకి ఎడమవైపు ఆమె గుండ్రటి అక్షరాల్లో మొదటి స్నాగ్ వచ్చింది. ‘నెమ్మదిగా పోతుంటే ఎవరో ముందుకి తోసినట్టు అయ్యింది. పాప తల ఊగింది.’ ఆ సాయంత్రమే కారు తీసి నాలుగు కిలోమీటర్లు తిప్పి తెచ్చాను. ఏమీ లేదు. కుడివైపు రాశాను. పరీక్షించాను, బాగానే ఉంది.

పది రోజుల తర్వాత రెండోది. ‘మునిర్కా దగ్గర మళ్లీ అలాగే. మీటరు పక్కన పసుపు దీపం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది.’ ఈసారి కాస్త శ్రమపడ్డాను. ప్లగ్గులు తీసి శుభ్రం చేశాను. పెట్రోలు ఫిల్టర్ మార్చాను. యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే రేకు ఒకటి ఇంజన్ మీద ఉంటుంది. దాన్ని థ్రాటిల్ అంటారు. అది ఎంత తెరుచుకుందో కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్ దాని పక్కనే, అగ్గిపెట్టె కన్నా చిన్నది. అంకెలు చూపించే కొత్త మీటరు పెట్టి దాన్నీ కొలిచాను. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు అర వోల్టు. పూర్తిగా తెరిస్తే నాలుగున్నర. కంపెనీ మాన్యువల్‌లో ఎలా ఉందో అలాగే. రెండు చివరలూ సరిపోయాక మధ్యలో ఏముంటుందిలే అనుకున్నాను. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు ఇలా కొలిస్తే నేనే గడ్డి పెట్టేవాణ్ణి.

మూడోది: ‘సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. నాలుగుసార్లు తిప్పితే గానీ స్టార్ట్ అవ్వలేదు. వెనక అందరూ తిట్టారు.’

విమానమైతే ఇక కదిలేది కాదు. నేను మళ్లీ తిప్పి తెచ్చాను. ఎక్కడా ఒక్క జర్కు లేదు.

“నేను నడిపితే బాగానే ఉంది కదా,” అన్నాను.

“అంటే నేను అబద్ధం రాసినానా?”

“అబద్ధమని అన్నానా? నీ కాలు నిలకడగా ఉండడం లేదు. క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నావు. కాలు నిదానంగా వెయ్యి, బండే వింటుంది.”

“నా కాలేటి చేసిందండీ? ఒకే తీరుగా పెట్టుకుని పోతంటే అది గింజుకుంటంది. కదిపితే మళ్లీ బాగుంటంది. మీరే సూడండి.”

నా చేతికి ఆమె లోపాన్ని పూర్తిగా అందించిన క్షణం అదే. ఒకే తీరుగా కాలు పెట్టి ఉంచితే వస్తుంది, కదిపితే పోతుంది అని ఏ పైలట్ అయినా చెప్పి ఉంటే ఆ సెన్సర్ విప్పి బల్ల మీద పెట్టేవాణ్ణి. పైలట్‌తో ‘నీ కాలు సరిగ్గా లేదు’ అని ఏ ఫిట్టరైనా అంటాడా? ఉద్యోగం ఊడుతుంది. పెళ్లాంతో అంటే ఏమీ ఊడదు. కుడివైపు గడిలో రాశాను. పరీక్షించాను, బాగానే ఉంది. నడిపే తీరు సరిచేసుకోవాలి.

ఆ రోజుల్లో పాప ఒక ఆట ఆడేది. అన్నం ప్లేటు స్టీరింగ్ లాగా పట్టుకుని సోఫాలో కూర్చుని కారు నడిపేది. కాసేపు బుద్ధిగా తిప్పి, ఉన్నట్టుండి నడుం ముందుకి విసిరి, మెడ ఊపి, మళ్లీ నిటారుగా కూర్చునేది. పది పన్నెండుసార్లు చూశాను. భలే నటిస్తోందని నవ్వాను కూడా. ఆ పిల్ల దృష్టిలో కారంటే అలాగే పోతుంది. మాటలు రాని పిల్ల తను చూసింది చూసినట్టు చెబుతోందని నా బుర్రకి తట్టలేదు.

తర్వాతి నెలలో, ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫ్లైఓవర్ ఎక్కుతుండగా కారు ఆగిపోయింది. వెనకనుంచి వస్తున్న బస్సు బ్రేకు వేసినా బంపర్‌ని తాకింది. పెద్ద దెబ్బ కాదు. పాప నుదురు ముందు సీటుకి తగిలి బొప్పి కట్టింది. చెవి మిషన్ ఒకటి ఊడి సీటు కింద పడింది. ఆ మిషన్ లేక, అమ్మ మాట వినపడక, పాప గుక్కపట్టి ఏడుస్తుంటే, బస్సులోంచి జనం దిగి కిటికీ అద్దం మీద కొడుతుంటే, మా ఆవిడ సీటు కింద చేత్తో తడుముతూ వెతుక్కుంది. ఇదంతా ఆమె తర్వాత నాకు చెప్పలేదు. పుస్తకంలో రాసింది. ఎడమవైపు, అరపేజీ.

ఎవరో కారు తోసి పక్కన పెడితే స్టార్టయింది. ఇంటిదాకా మొదటి గేరులోనే తెచ్చింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇరుగుపొరుగు అంతా కారు చుట్టూ మూగారు. పక్క క్వార్టర్ పంజాబీ ఆంటీ పాప నుదుటికి ఐసు పెడుతోంది. బొప్పి చూడగానే నా ఒళ్లు మండిపోయింది. తాళం తీసుకుని ఇంజన్ ఆన్ చేశాను. గడియారంలా నడిచింది. అందరి ముందూ అన్నాను.

“బండికేం రోగం లేదు. నడిపే మనిషికే లేదు నిదానం. ఇంకోసారి పాపని ఎక్కించుకుని వెళ్లావంటే ఊరుకోను.”

తెలుగులోనే అన్నాను. మొదటి మాట మాత్రం అందరికీ తెలియాలని హిందీలో మళ్లీ అన్నాను. పంజాబీ ఆంటీ ఐసు ముక్క చేతిలో పట్టుకుని నా వంక అదోలా చూసింది.  మా ఆవిడ లోపలికి వెళ్లి చపాతీ పిండి కలిపింది.

ఆ రోజు నుంచి ఆమె స్టీరింగ్ ముట్టుకోలేదు.

బస్సుల్లో తిప్పి చూసింది. గేటు దాకా నడక, రెండు బస్సులు, మళ్లీ నడక. మే నెల ఎండలో పాప క్లాసుకి చేరేసరికి తోటకూర కాడలా వాలిపోయి, టీచరమ్మ పెదాల వంక చూడకుండా నిద్రపోయేది. రెండుసార్లు జ్వరం వచ్చింది. చివరికి శనివారం ఒక్క రోజు, నాకు వీలున్నప్పుడు, నేనే తీసుకెళ్లేలా ఒప్పందమైంది. మూడు రోజులు ఒకటయ్యాయి. టీచరమ్మ మా వైపు చూడడం మానేసింది.

అలా మూడు నెలలు గడిచాయి. ఒక శనివారం పాపని తీసుకుని బయల్దేరాను. కంటోన్మెంట్ లోపలే సైన్యం లారీల కాన్వాయ్ ఒకటి ముందు పడింది. దాన్ని దాటకూడదు. మామూలుగా నేను ఖాళీ దొరికితే తొక్కేవాణ్ణి, లేకపోతే వదిలేసేవాణ్ణి. ఆ రోజు కుదరలేదు. సరిగ్గా ముప్పైలో, ఒకే తీరుగా కాలు పెట్టుకుని, లారీ వెనక తలుపు చూస్తూ నడపాల్సి వచ్చింది. రెండు నిమిషాలు కూడా కాలేదు. కారు ముందుకి విసిరింది. పసుపు దీపం వెలిగి ఆరింది. మళ్లీ విసిరింది.

వెనక సీట్లోంచి పాప కిలకిలా నవ్వింది. అద్దంలో చూశాను. నడుం ముందుకి విసిరి, మెడ ఊపి, నిటారుగా కూర్చుంది. సోఫాలో ఆడే ఆటే.

 కాలు కొంచెం కదిపాను. జర్కు పోయింది. మళ్లీ అక్కడే పెట్టాను. వచ్చింది. ‘కదిపితే మళ్లీ బాగుంటంది. మీరే సూడండి.’ ఆ దారిలో ఎన్నిసార్లు కదిపి, మళ్లీ పెట్టి చూశానో లెక్కలేదు. ప్రతిసారీ పాప నవ్వింది. నేను ఓడిపోయానని తెలిసిన సాక్షి అదొక్కతే. దానికి మాటలు రావు.

పాపని క్లాసులో దింపి, కటవారియా సరాయ్ సందు మొదట్లో వేపచెట్టు కింద కూర్చునే ముసలి ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. పై అంతస్తుల్లో పరీక్షలకి చదివే పిల్లల గదులు, తీగల మీద ఆరేసిన చొక్కాలు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడట. ఆయన దగ్గర ఉన్నది ముల్లు తిరిగే పాత మీటరు. సెన్సర్ తీగకి దాన్ని తగిలించి, ఇంజన్ ఆన్ చేయకుండా, థ్రాటిల్‌ని చేత్తో వెంట్రుకవాసి చొప్పున తెరుస్తూ పోయాడు. ముల్లు మెల్లగా పైకి లేచింది. కొద్దిగా తెరుచుకునేసరికి ఠక్కున సున్నా మీద పడి మళ్లీ లేచింది.

“దేఖా సాబ్?” అన్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ తెరిచాడు. సరిగ్గా అక్కడే ముల్లు పడింది.

లోపల నల్లటి పూత పూసిన సన్నటి దారి ఉంటుందని, దాని మీద ఒక చిన్న రేకు అటూ ఇటూ జరుగుతుందని, ఎనిమిదేళ్లు ఒకే చోట ఒరుసుకుని అక్కడ పూత పోయిందని చెప్పాడు. ఆ చోటికి రాగానే సెన్సర్ మూగబోతుంది. కాలు తీసేశారనుకుని కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. త్వరగా నడిపేవాడి కాలు ఆ చోటు దాటిపోతుంది కాబట్టి వాడికి తెలియదు. అంకెల మీటరు అంకె మార్చుకునేలోపే అది వచ్చి వెళ్లిపోతుంది. బోర్డు మీద ముప్పై అని రాసుంటే ముప్పైలోనే నడిపే మనిషికే కనిపిస్తుంది.

“ఎవరు నడుపుతారు దీన్ని?” అని అడిగాడు హిందీలో.

“మేడమ్.”

“అయితే మేడమ్ చాలా రోజులుగా చెబుతూనే ఉండి ఉంటారే,” అన్నాడు ముసలాయన, మీటరు తీగ చుట్టుకుంటూ.

నేను బానెట్ దించాను.

వచ్చే శనివారానికి కొత్త సెన్సర్ తెప్పించి పెడతానన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక మా ఆవిడ కూర తరుగుతూ ఎప్పటిలాగే అడిగింది. “బండి బాగానే ఉందా?”

“బాగానే ఉంది,” అన్నాను.

కొత్తది పెట్టాక చెబుదామనుకున్నాను. పై శనివారం పాప క్లాసు జరిగే గంటలోనే ముసలాయన రెండు స్క్రూలు విప్పి, పాతది తీసి, కొత్తది బిగించాడు. అంతే పని. తిరిగొచ్చేటప్పుడు కాన్వాయ్ లేకపోయినా ముప్పైలోనే నడిపాను. నీళ్ల మీద పడవలా వచ్చింది. ఈసారి పాప నవ్వలేదు. ఆట పోయిందని నా వంక అనుమానంగా చూసింది.

ఆ రోజు చెప్పాలి. చెప్పలేదు. చెబితే ఆ మధ్యాహ్నం అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. పంజాబీ ఆంటీ దగ్గరికి వెళ్లి హిందీలో కూడా చెప్పాలి. ఇన్నేళ్ల అనుభవమున్న ఇంజన్ ఫిట్టర్‌ని, రెండు చివరలు కొలిచి మధ్య వదిలేశానని ఒప్పుకోవాలి. రేపు చెబుదాం, ఆదివారం చెబుదాం అని వాయిదా వేశాను. ఒక భాగం మార్చి రిజిస్టర్‌లో రాయకపోవడం మా ఉద్యోగంలో క్షమించరాని తప్పు. సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా ఆ తప్పు చేయలేదు. స్నాగ్ పుస్తకం కుడివైపు గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. పాత సెన్సర్‌ని గుడ్డలో చుట్టి నా పనిముట్ల పెట్టె అడుగున పెట్టాను.

చెప్పకుండానే ఆమెను మళ్లీ సీట్లో కూర్చోబెడదామని చూశాను. అంత పిరికితనం.

“సర్వీసింగ్ చేయించాను. ఒకసారి నడిపి చూడు. మళ్లీ మూడు రోజులూ తీసుకెళ్లొచ్చు,” అన్నాను.

ఆమె నా మొహం వంక చూడకుండా చెప్పింది. “వొద్దండీ. నా కాలు మీద నాకే నమ్మకం లేదు. పాపని ఎనకాల కూర్చోబెట్టుకుని ఆ పాపం నేను చెయ్యలేను.”

అప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క వాక్యం. నీ కాలు తప్పు కాదు, నాదే తప్పు.  “నీ ఇష్టం,” అన్నాను.

ఆ ఏడాదంతా పాపకి వారానికి ఒక్క క్లాసే. నాకు డ్యూటీ పడ్డ శనివారాలు అదీ లేదు. తర్వాత బదిలీ ఆర్డరు వచ్చింది. వెళ్లబోయే చోట అలాంటి క్లాసులు లేవు. చివరి రోజు టీచరమ్మ పాపని ముద్దు పెట్టుకుని, మాతో ఒక్క మాటే అంది, పిల్లకి తెలివి చాలా ఉంది అని. అందులో మిగతా సగం మేమే పూరించుకున్నాం. పాప ఇప్పుడు పెద్దదైంది. చేతులతో మాట్లాడుతుంది, మేం కూడా నేర్చుకున్నాం. బాగా మాట్లాడుతుంది, తగవు కూడా వేసుకుంటుంది. కానీ కొత్త చోట, తెలియని మనుషుల మధ్య అది మౌనంగా నిలబడినప్పుడల్లా, ఆ పోయిన క్లాసులు నా కళ్ల ముందు తిరుగుతాయి. సెన్సర్ పాడైనందుకు పోయినవి కొన్ని. అది బాగయ్యాక నా నోరు మూతపడినందుకు పోయినవి అంతకన్నా ఎక్కువ.

కారు అమ్మకానికి పెట్టాం. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే గుంటూరు అబ్బాయి ఒకతను చూడ్డానికి వచ్చాడు. భార్య నేర్చుకోవడానికి చిన్న కారు కావాలన్నాడు. తిప్పి చూసి సంతోషపడ్డాడు. కారుకి లాగ్ బుక్ కూడా ఉందని నేనే, పాత అలవాటు కొద్దీ, ముందు చెప్పేశాను. చేతికిచ్చాక గానీ ఏం చేశానో తెలియలేదు. అతను నిలబడే పేజీలు తిప్పాడు. తెలుగులో ఉంది కాబట్టి అన్నీ చదివాడు.

“ఇదేంటండీ, ఇన్నిసార్లు తోసినట్టయ్యిందని, ఆగిపోయిందని రాసుంది? ఫ్లైఓవర్ మీద కూడానా?” అన్నాడు అనుమానంగా.

నేను నోరు తెరిచాను. మాట కూడబలుక్కుంటున్నాను. ఇంతలో మా ఆవిడ టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఆ మాట విన్నది. బేరం చెడిపోతుందేమోనని, మా ఆయన పరువు పోతుందేమోనని అనుకుందో ఏమో, గ్లాసు అతనికి అందించి నవ్వుతూ చెప్పింది.

“బండి బంగారమండీ. ఆ రాసిందంతా నేనే. పక్కన మా ఆయన రాసింది సూడండి, పరీక్ష చేసి బాగుందనే రాసినారు. ఆయన ఇమానాల ఇంజన్లు చూసే మనిషి. నాకే నడపడం చేత కాలేదు.”

అతని మొహం తేటపడింది. పుస్తకం మూసేశాడు. కారు తీసుకుంటానన్నాడు.

నా పనిముట్ల పెట్టె అక్కడే, సర్దిన సామాన్ల మధ్య, నా కాలి పక్కనే ఉంది. వంగి మూత తీస్తే చాలు. నేను టీ తాగాను.

ఆమె కారు దగ్గరికి వెళ్లి డ్రైవరు సీటు మీదనుంచి తన దిండు తీసుకుంది. దుమ్ము దులిపి చంకలో పెట్టుకుంది. అతను తాళం తిప్పి స్టార్ట్ చేశాక, ఏదో గుర్తొచ్చినట్టు కిటికీ దగ్గరికి వంగింది.

“బాబూ, మీ ఆవిడకి ఒక్కటి చెప్పండి. కాలు నిదానంగా వెయ్యమనండి. బండే వింటది.”

సరేనండీ అని అతను వెళ్లిపోయాడు. ఆ మాట ఆమెకి నేర్పింది నేను.